బాలింత నిద్ర గురించి కూడా ఒక్క మాట అడగండి: వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, వైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, ప్రసూతి వైద్యులకు, చిన్నపిల్లల వైద్యులకు నమస్కారాలు.

నేను మూడేళ్ల బాబుకు, ఎనిమిది నెలల పాపకు తల్లిని. ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు బోధిస్తాను. నా భర్త డీసీఎం వ్యాను నడుపుతూ తెల్లవారుజామున కూరగాయలను మార్కెట్టుకు చేరుస్తారు. నా బిడ్డలిద్దరూ క్షేమంగా పుట్టడం వెనుక మీ సిబ్బంది కష్టం ఉందని నాకు తెలుసు, ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది. అయితే ఒక విషయంపై గత ఐదు నెలల్లో మూడుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నా ఎవరూ పట్టించుకోకపోవడంతో, ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు దారి కనిపించలేదు.

విషయం చిన్నపిల్లల తల్లిదండ్రుల నిద్ర. చెప్పగానే నవ్వి ఊరుకునే విషయం ఇది. అందుకే ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను.

అప్పటికి పాపకు ఏడో వారం. రాత్రి రెండున్నరకు లేచి పాల కోసం ఏడ్చింది. అది ఆ రాత్రికి మూడోసారి. ఆపరేషన్ కుట్లు ఇంకా లాగుతుండడంతో పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నాకు చేతకాలేదు. మంచం మీదే దిండుకు ఆనుకుని కూర్చుని బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాను. పాలు తాగుతున్న చప్పుడు గుర్తుంది, ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. మెలకువ వచ్చేసరికి ఒళ్లో బిడ్డ లేదు. చేతులు మాత్రం బిడ్డను పట్టుకున్నట్టే మడిచి ఉన్నాయి. చీకట్లో పక్కంతా తడిమాను. మంచానికీ గోడకూ మధ్య జానెడు సందు ఉంది. అందులోకి జారిన దుప్పటి మడతలో పాప ఇరుక్కుని ఉంది, ముఖం గోడవైపు ఉంది. ఎత్తుకున్న వెంటనే ఏడవలేదు. ఒక క్షణం ఆగి ఏడ్చింది. గోడ గడియారంలో మూడూ పది అయింది. తెల్లవారేదాకా నేను మళ్లీ మంచం ఎక్కలేదు, నేల మీద కూర్చునే ఉన్నాను.

పది వారాల టీకాకు వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పాను. అప్పటికే పాప బరువు చూశారు, కార్డులోని గీతల మీద చుక్క పెట్టారు, జ్వరం వస్తే వేయమని చుక్కల మందు ఇచ్చారు. నేను చెప్పింది విని అక్కడి సిబ్బందిలో ఒకామె, "పిల్లలన్నాక నిద్ర ఎక్కడుంటుందమ్మా, మేమంతా పెంచలేదా" అన్నారు. ఆ మాటన్న ఆమెను నేను తప్పుపట్టడం లేదు. నా వెనుక వరుసలో ఇంకా ముప్పై మంది తల్లులు నిలబడి ఉన్నారు. ఆమె ముందున్న రిజిస్టరులో నా మాట రాసుకోవడానికి గడి లేదు. నా ఫిర్యాదు ఆ లేని గడి మీదే.

అదే విషయాన్ని మొదట మా ఆరోగ్య కేంద్రంలో రాసిచ్చాను. నెల తర్వాత, సోమవారం అర్జీలు తీసుకునే రోజున జిల్లా కార్యాలయంలో ఇచ్చాను. "మీ అర్జీ సంబంధిత విభాగానికి పంపబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది, అంతే. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ముట్టినట్టు రసీదు మాత్రం తిరిగి వచ్చింది. ఊరి పేరు, కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ ఒక్కరి మీదో చర్య తీసుకోమని నేను కోరడం లేదు. నేను అడుగుతున్నది ఒక ప్రశ్న గురించి, అది ఏ ఒక్క జిల్లాకో సంబంధించినది కాదు.

మీ వ్యవస్థ మా గడప ఎన్నిసార్లు తొక్కుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఒకచోట కూడి చూడమని కోరుతున్నాను. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆ తర్వాత, 2018లో మొదలైన కార్యక్రమం ప్రకారం 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ రావాలి. ఇవి 11 సార్లు. 6, 10, 14 వారాలకు, 9 నెలలకు టీకాల కోసం మేమే బిడ్డను ఎత్తుకుని వస్తాం. అంటే కాన్పు తర్వాత 15 నెలల్లో ఆరోగ్య సిబ్బంది తల్లిని ముఖాముఖి చూసే సందర్భాలు కనీసం 15 ఉన్నాయి. దేశంలో మరే రోగికీ, మరే ఆరోగ్యవంతుడికీ ఇన్ని అవకాశాలు ఉండవేమో. ఇంత గొప్ప ఏర్పాటులో బిడ్డ బరువు, వేడి, బొడ్డు, పాలు, విరేచనాలు అన్నీ అడుగుతారు. తల్లికి రక్తస్రావం ఉందా, జ్వరం ఉందా అని కూడా అడుగుతారు. "ఎన్ని గంటలు నిద్రపోయావమ్మా" అని మాత్రం ఇద్దరు పిల్లల విషయంలోనూ నన్ను ఎవరూ అడగలేదు.

అడగకపోతే ఏమవుతుందో, నాకు జరిగినదాన్నీ మా వీధిలో చూసినదాన్నీ తెలిసిన వాస్తవాలతో కలిపి కింద వివరిస్తున్నాను.

1. మొదటి ప్రమాదం బిడ్డ ప్రాణానికే. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు ఇవ్వాలని మీరే చెబుతారు. బిడ్డ పాలు తాగడానికి అరగంట, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడానికి, గుడ్డలు మార్చడానికి, మళ్లీ నిద్రపుచ్చడానికి మరో అరగంట. రెండు గంటలకు ఒకసారి లేచే బిడ్డ దగ్గర తల్లికి మిగిలేది ఒక దఫాకు గంట నిద్ర. బిడ్డకు పగలు, రాత్రి తేడా తెలియడం దాదాపు మూడు నెలలకు గానీ మొదలు కాదు, ఏడాది దాకా రాత్రుళ్లు లేచే పిల్లలూ ఎందరో ఉన్నారు. ఈ స్థితిలో తల్లి తనకు తెలియకుండానే నిద్రలోకి జారిపోతుంది. ఎక్కడ జారిపోతుందన్నదే బిడ్డ క్షేమాన్ని నిర్ణయిస్తుంది. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ దుప్పట్లూ లేకుండా పడుకోబెట్టాలనీ, సోఫాలో కూర్చుని బిడ్డతో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదమనీ నేను ఆ రాత్రి తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే చెప్పి ఉంటే మంచం తీసేసి నేల మీద చాప, పలుచని బొంత పరుచుకునేదాన్ని, ఇప్పుడు అలాగే చేస్తున్నాను. "బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఒకే గదిలో ఐదుగురు పడుకునే ఇళ్లలో ఆ సలహా ఎవరికీ ఉపయోగపడదు. పక్కలో పడుకోబెట్టుకునే తల్లి ఎలా జాగ్రత్తపడాలో చెప్పాలి.

2. తల్లి మనసు దెబ్బతింటుంది, అది ఎవరి కంటా పడదు. నిద్రలేమి కాన్పు తర్వాతి కుంగుబాటును పెంచుతుంది, కుంగుబాటు ఉన్న నిద్రను కూడా పోగొడుతుంది. ఇందులో వైద్యులకు తెలిసిన గుర్తు ఒకటుంది: బిడ్డ హాయిగా పడుకుని, ఇంట్లో ఇంకొకరు చూసుకుంటున్నా తల్లికి కన్ను మూతపడకపోతే, అది మామూలు అలసట కాకపోవచ్చు. కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించేందుకు 1987లో రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే, వాటిలో ఒకటి దుఃఖం వల్ల నిద్ర పట్టకపోవడం గురించే. వెయ్యి మందిలో ఒకరిద్దరికి కాన్పైన తొలి రోజుల్లోనే మతి చలించే తీవ్రమైన జబ్బు వస్తుంది, దానికి ముందు కనిపించే గుర్తుల్లో రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం ఒకటి. మన ఇళ్లలో ఆ స్థితిలో ఉన్న బాలింతను చూసి గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ అంటారు. 3వ రోజు, 7వ రోజు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త ఒక్క ప్రశ్న అడిగితే, తాయెత్తు కట్టించడానికి ముందే ఆ తల్లి వైద్యుడి దగ్గరకు చేరుతుంది.

ఇక్కడే నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పాపకు మూడో నెలలో ఒక మధ్యాహ్నం, చెల్లిని నిద్రలేపాడని మా బాబు మీద చెయ్యి చేసుకున్నాను. వాడు చెల్లికి బొమ్మ ఇవ్వడానికి వచ్చాడు. చెంప మీద నా వేళ్లు తేలాయి. నేనలాంటి తల్లిని కాదని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నిద్ర లేని ఇంట్లో దెబ్బలు తినేది ఎప్పుడూ పెద్దబిడ్డే, వాడి పేరు మీ రిజిస్టరులో ఏ గడిలోనూ ఉండదు.

3. అసలు జబ్బు నిద్రలేమి చాటున దాక్కుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అదే సర్వేలో ఆపరేషన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అంటే రక్తం తక్కువగా ఉండి, పొట్ట కోయించుకుని, ఆ గాయం మానకముందే గంటకోసారి లేచే తల్లులు మన దగ్గర కోకొల్లలు. కళ్లు తిరుగుతున్నాయి, ఆయాసంగా ఉంది, జుట్టు ఊడుతోంది అని ఆమె చెబితే "నిద్ర లేక" అని ఇంట్లోనూ అంటారు, బయటా అంటారు. నాకు నాలుగో నెలలో హిమోగ్లోబిన్ 8.1 అని తేలింది. అది కూడా నేనే డబ్బు పెట్టి పరీక్ష చేయించుకుంటే తేలింది.

4. రోడ్డు మీద ఇతరుల ప్రాణాలకూ ముప్పే. 17 నుంచి 19 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగానో అంతకంటే అధ్వాన్నంగానో ఉందని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పరిశోధకులు 2000లో ప్రకటించారు. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతమే. నా భర్త మద్యం ముట్టరు. కానీ రాత్రి పదకొండు దాకా బాబును, తర్వాత విడతలుగా పాపను ఎత్తుకుని తిరిగి, మూడున్నరకు స్టీరింగు పట్టుకునే మనిషి ఏ స్థితిలో ఉంటారు? ఒక తెల్లవారుజామున వ్యాను రోడ్డు దిగి కిలోమీటరు రాయిని రాసుకుంటూ వెళ్లి ఆగింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి అద్దం పగలడంతో పోయింది. తండ్రుల నిద్రను లెక్కలోకే తీసుకోని మన ఆలోచనకు ఇది ఫలితం.

5. నిద్ర కోసం బిడ్డకు మత్తు పట్టే ప్రమాదం ఉంది. జలుబు సిరప్ ఒక చెంచా పోస్తే పిల్లలు నిద్రపోతారన్న మాట మా వీధిలో అందరికీ తెలుసు. గసగసాలు నూరి పాలలో కలపమని నాకు సలహా ఇచ్చిన పెద్దావిడ కూడా ఉన్నారు. జలుబు మందుల్లో ఎక్కువగా కనిపించే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఆ హెచ్చరిక సీసా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నిద్రకు కరువాచిన తల్లి రాత్రి రెండింటికి ఆ అక్షరాలు చదవదు. ఆమెకు ఆ సంగతి పగలు, మనిషి నోటితో చెప్పాలి.

"మన అమ్మలు, అమ్మమ్మలు పెంచలేదా" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే నా మూడు అర్జీలూ ఆ మాట దగ్గరే ఆగిపోయాయని నా అనుమానం. మా అమ్మమ్మ ఇంట్లో బాలింత ఉంటే, రాత్రి బిడ్డను ఎత్తుకోవడానికి పిన్నమ్మలు, పెద్దమ్మలు, మేనత్తలు ఉండేవారు. పుట్టింట్లో మూడు నెలలో, ఐదు నెలలో గడిపి గానీ బిడ్డతో అత్తింటికి వెళ్లేవారు కాదు. నా దగ్గర మా అమ్మ నలభై రోజులు ఉండి, నాట్లు మొదలవడంతో వెళ్లిపోయింది. అమ్మను తప్పుపట్టలేను, కూలివాళ్లు దొరకని రోజుల్లో ఆమె లేకపోతే పొలం బీడుపడుతుంది. ఆ తర్వాత మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. మంచినీళ్ల కొళాయి రోజు విడిచి రోజు ఉదయం ఐదుకు వస్తుంది. "బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెప్పే సలహా, మొదటి కాన్పులో పనికొస్తుందేమో గానీ, మూడేళ్ల పిల్లవాడు మేలుకుని తిరుగుతున్న ఇంట్లో ఎలా పనికొస్తుంది? పైగా మన పెద్దవాళ్ల నమ్మకం వేరు: బాలింతకు పగటినిద్ర పనికిరాదు, ఒళ్లు నీరు పడుతుంది అంటారు. మా అత్తగారు నా మీద ప్రేమతోనే నన్ను పగలు పడుకోనిచ్చేవారు కాదు. నేను చెబితే బద్ధకం అనుకునే ఆ మాటనే, ఏఎన్ఎం ఇంటికి వచ్చి చెబితే ఆమె తప్పక వినేవారు. మీ సిబ్బంది మాటకు అత్తగార్ల దగ్గర ఎంత విలువ ఉందో మీకు తెలియదేమో, మాకు తెలుసు.

కాబట్టి కింది కోర్కెలను మీ ముందు ఉంచుతున్నాను. వీటిలో చాలావాటికి కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అక్కర్లేదు.

1. తల్లీబిడ్డల రక్షణ కార్డులోనూ, ఆశా కార్యకర్తలు నింపే ఇంటి సందర్శన పత్రంలోనూ రెండు ప్రశ్నలు చేర్చాలి: "నిన్న రాత్రి ఒకే దఫాలో ఎన్ని గంటలు నిద్రపోయావు?", "బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదా?" జవాబు రాసేందుకు గడి ఉండాలి, ఆ గడిని వైద్యాధికారి చూడాలి.

2. రెండో ప్రశ్నకు అవునన్న తల్లిని ఆ వారంలోనే వైద్యుడికి చూపించాలి. హిమోగ్లోబిన్, అవసరమైతే థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా చేసి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపాలి. 2022 అక్టోబరు నుంచి పగలూ రాత్రీ పనిచేస్తున్న, మానసిక ఇబ్బందులకు ఫోనులో సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416 తెలుగులో మాట్లాడుతుంది, ఆ నంబరును కార్డు అట్ట మీద పెద్ద అంకెల్లో అచ్చు వేయాలి. నాకు ఆ నంబరు తెలిసేసరికి పాపకు ఆరు నెలలు నిండాయి.

3. ఇంటి సందర్శనలో తల్లితో పాటు భర్తతో, అత్తగారితో కూడా మాట్లాడాలి. బాలింతకు రోజులో ఒక్కసారైనా ఎవరూ లేపకుండా నాలుగు గంటల నిద్ర దక్కేలా ఇంటివాళ్లు వంతులు వేసుకోవాలని, పాలు తాగిన వెంటనే బిడ్డను అందుకుని త్రేన్పు తెప్పించే పని తండ్రిదేనని చెప్పాలి. పగటినిద్రతో ఒళ్లు నీరు పట్టదని స్పష్టంగా చెప్పాలి. ఇందుకోసం ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి, వారి మీద కొత్తగా పడే ఈ పనికి తగిన పారితోషికమూ ఇవ్వాలి. వారిలోనూ చంటిపిల్లల తల్లులు ఉన్నారు.

4. కాన్పు వార్డుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా ట్యూబులైట్లు తగ్గించి, బీపీ చూడడం, ఇంజెక్షన్లు ఇవ్వడం వంటివి వీలైనంత వరకు ఒకేసారి చేయాలి. ఆపరేషన్ తర్వాత నేను వార్డులో ఉన్న ఐదు రాత్రులూ నా తలపై లైటు ఆరలేదు, తుడిచేవారు నాలుగింటికే బకెట్లతో వచ్చేవారు. నిద్ర అప్పు అక్కడే మొదలవుతుంది.

5. పాలిచ్చే తల్లులకు రాత్రి డ్యూటీల విషయంలో ముందు మీ శాఖలే దారి చూపాలి. 2017 సవరణ తర్వాత చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలని చెబుతోంది. సెలవు అయిపోగానే నర్సమ్మకు రాత్రి డ్యూటీ వేస్తే ఆ చట్టం ఉద్దేశం నెరవేరదు. బిడ్డకు ఏడాది నిండేదాకా మీ ఆసుపత్రుల్లో, ఒప్పంద సిబ్బందితో సహా, ఆమె కోరితే తప్ప రాత్రి డ్యూటీ వేయరాదు. ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది, నా భర్త లాంటి వ్యాను డ్రైవరుకు ఒక్కరోజు కూడా లేదు. ఈ సంగతిని కార్మిక శాఖ దృష్టికి మీ శాఖ తరఫున, ఆరోగ్య సమస్యగా తీసుకువెళ్లాలని కోరుతున్నాను.

చిన్నపిల్లల వైద్యులకు విడిగా ఒక మనవి. మీ దగ్గరకు తెల్లవారుజామున జలుబు, కడుపునొప్పి, ఏడుపు అంటూ వచ్చే తల్లి చాలాసార్లు బిడ్డ కోసం మాత్రమే రాదు. బిడ్డకు ఏమీ లేదని తేలాక, చీటీ రాసేముందు ఆమె ముఖం చూసి ఎన్ని రోజులుగా నిద్ర లేదో అడగండి. మీరు అడిగితే ఆమె చెబుతుంది. అక్కడ తప్ప చెప్పుకోవడానికి ఆమెకు ఇంకో చోటు లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా, పై ఐదు కోర్కెల్లో వేటిని అంగీకరిస్తున్నారో, వేటిని ఎందుకు కాదంటున్నారో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. నా మూడు అర్జీల నకళ్లు, రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, అడిగిన వెంటనే పంపగలను. మా పాపకు 12వ నెల సందర్శన ఇంకో నాలుగు నెలల్లో ఉంది. ఆ రోజు మా ఆశా కార్యకర్త బిడ్డ బరువు చూసి, చుక్క పెట్టి, నా వైపు తిరిగి అడగాల్సిన ప్రశ్న ఆమె చేతిలోని కాగితం మీద అచ్చయి ఉండాలి.

ఇట్లు,
భవదీయురాలు,
ఇద్దరు చిన్నపిల్లల తల్లి